ఎగ్జిక్యూటివ్ కోచ్‌గా తొలి వంద గంటలు: సాధన నుంచి ఇన్‌వాయిస్ దాకా

"ఏ సర్టిఫికెట్ చేయాలి, ఎంత ఖర్చవుతుంది?" ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది మూడో ప్రశ్న. మొదటిది: ఎదుటి మనిషి చిక్కు చెబుతుంటే సలహా నాలుక చివరిదాకా వచ్చినా ఆపుకోగలరా? రెండోది: కోచింగ్ తీసుకునేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు అయినప్పుడు ఇద్దరితోనూ మాట చెడకుండా నడపగలరా? ఈ రెండూ రాకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది.

మాటలోనే ఇంకో చిక్కుంది. మన దగ్గర కోచింగ్ అనగానే ఎంసెట్, గ్రూప్స్, అమీర్‌పేట గుర్తొస్తాయి. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడమన్నమాట. ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌లో ఆ పని గురించి ఎక్కువ తెలిసింది క్లయింట్‌కే. ఈ తేడా మొదటి ఫోన్‌లోనే చెప్పకపోతే, మూడో సెషన్‌లో "ఇంతకీ మీరేం చెప్పలేదే" అన్న మాట వినాల్సి వస్తుంది.

## 1. చేరేముందు తేల్చుకోవాల్సినవి

కన్సల్టెంట్ పరిష్కారం రాసిస్తారు. మెంటర్ తన అనుభవం పంచుకుంటారు. ట్రైనర్ పాఠం చెబుతారు. కౌన్సెలర్ మానసిక బాధ మీద పనిచేస్తారు. కోచ్ పని వేరు: నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి తన ఆలోచనను బయటపెట్టి, దాన్ని తానే పరీక్షించుకుని, ఒక పనికి కట్టుబడేలా చేయడం.

ఇరవై ఏళ్లు పెద్ద ఉద్యోగం చేసినవాళ్లకు ఇందులో ఒక లాభం, ఒక నష్టం. బోర్డ్ మీటింగ్ అంటే ఏమిటో, అప్‌రైజల్ సీజన్‌లో కడుపులో ఏమవుతుందో తెలుసు కాబట్టి క్లయింట్ నమ్మకం త్వరగా దొరుకుతుంది. నష్టం కూడా అక్కడే: సమాధానం ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది.

ఫీజు కట్టి ఎక్కడైనా చేరేముందు ఇవి సరిచూసుకోండి:

☐ కోచింగ్ ఆదాయం లేకుండా ఇల్లు కనీసం ఏడాది గడుస్తుందా?
☐ మీకు బాగా తెలిసిన రంగం, హోదా ఏవి? ఉదాహరణకు, కొత్తగా డైరెక్టర్ అయిన ఇంజినీరింగ్ మేనేజర్లు.
☐ వారానికి 6 గంటలు కేటాయించగలరా? సెషన్లకు మూడు, నోట్స్‌కు ఒకటి, చదువుకూ సాధనకూ రెండు.
☐ ఉద్యోగంలో ఉంటే, బయటి పనికి మీ కంపెనీ లిఖితపూర్వకంగా ఒప్పుకుంటుందా?
☐ మీరే క్లయింట్‌గా కనీసం ఆరు సెషన్లు తీసుకున్నారా?

చివరిదాన్ని చాలామంది దాటేస్తారు. ఎదుటి కుర్చీలో కూర్చుంటేగాని, మౌనం ఎంత బరువుగా ఉంటుందో, ఒక తొందరపాటు సలహా మనసును ఎలా మూసేస్తుందో తెలియదు.

## 2. శిక్షణ, క్రెడెన్షియల్ (వృత్తి గుర్తింపు): లెక్కలు

భారత కార్పొరేట్ రంగంలో ఎక్కువగా అడిగేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్ గుర్తింపు. అది 1995లో మొదలైన సంస్థ. మూడు మెట్లుంటాయి:

- ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్): 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం. అందులో 75 గంటలు ఫీజు తీసుకుని చేసినవై ఉండాలి. కనీసం 8 మంది క్లయింట్లు.
- పీసీసీ (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్): 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. అందులో 450 ఫీజు గంటలు. కనీసం 25 మంది క్లయింట్లు.
- ఎంసీసీ (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్): 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. అందులో 2,250 ఫీజు గంటలు. కనీసం 35 మంది క్లయింట్లు.

ఏసీసీకి 10 గంటల మెంటర్ కోచింగ్ కూడా కావాలి, అంటే అనుభవమున్న కోచ్ మీ కోచింగ్ చూసి దిద్దడం. దాన్ని కనీసం మూడు నెలల మీద పరచాలి. అందులో 3 గంటలైనా ఒంటరిగా ఒక మెంటర్‌తో జరగాలి, మిగతావి గుంపులో చేయొచ్చు. 100 గంటల్లో కనీసం 25 దరఖాస్తుకు ముందు 18 నెలల లోపువై ఉండాలి. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే వారంలో ఐసీఎఫ్ వెబ్‌సైట్ మళ్లీ ఒకసారి చూడండి.

శిక్షణ మొదలయ్యాక చేసిన గంటలే లెక్కలోకి వస్తాయి. మేనేజర్‌గా పదేళ్లు టీమ్‌తో చేసిన వన్-ఆన్-వన్‌లు రావు. ఈ సంగతి ఆలస్యంగా తెలిసి నిరాశపడేవాళ్లు ఎక్కువ.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి ఈ నాలుగు అడగండి:

☐ మీ కోర్సుకు ఐసీఎఫ్ లెవల్ 1 (ఏసీసీకి) లేదా లెవల్ 2 (పీసీసీకి) గుర్తింపు ఉందా? "ఐసీఎఫ్‌కు అనుగుణంగా ఉంటుంది" అన్న జవాబుకు అర్థం, లేదని.
☐ 60 గంటల్లో ప్రత్యక్ష తరగతి ఎంత, రికార్డు చేసిన వీడియోలు ఎంత?
☐ ప్రతి విద్యార్థి ఎన్నిసార్లు నిజమైన సెషన్ చేస్తే పరిశీలకులు చూసి, రాతలో వ్యాఖ్య ఇస్తారు?
☐ మెంటర్ కోచింగ్ 10 గంటలు ఫీజులోనే ఉన్నాయా, విడిగా కట్టాలా?

మూడోదానికి "రెండుసార్లు" అని జవాబొస్తే వేరే సంస్థ చూసుకోండి. రెండు రోజుల వారాంతపు కోర్సుతో "మాస్టర్ కోచ్" అనే బిరుదు ఇచ్చేవాళ్ల దగ్గరకైతే వెళ్లకండి.

## 3. ఒక సెషన్ లోపల ఏం జరగాలి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. 60 నిమిషాల సెషన్‌కు పనికొచ్చే కొలత ఇది:

1. తొలి 5 నిమిషాలు: పోయినసారి ఒప్పుకున్న పని ఏమైంది? చేశారా లేదా అన్న లెక్కతో ఆపకండి. చేసినప్పుడు, లేదా చేయనప్పుడు, ఏం గమనించారో అడగండి.
2. తర్వాతి 10 నిమిషాలు: ఈ రోజు విషయం తేల్చడం. "ఈ గంట అయ్యేసరికి మీ చేతిలో ఏముంటే ఈ సమయం వృథా కాలేదనిపిస్తుంది?" స్పష్టమైన జవాబు వచ్చేదాకా ముందుకు పోకండి.
3. నడుమ 25 నిమిషాలు: ఉన్న పరిస్థితి, దాని వెనక నమ్మకాలు.
4. ఆపైన 12 నిమిషాలు: దారులు. మొదటి రెండూ క్లయింట్‌కు ముందే తెలిసినవే అయివుంటాయి. "ఇంకా?" అని కనీసం మూడుసార్లు అడిగాకే కొత్తది వస్తుంది.
5. చివరి 8 నిమిషాలు: ఏ పని, ఏ రోజు, ఎవరితో, అడ్డం ఏమొస్తుంది, ఎవరికి చెబుతారు.

గ్రో అనే నమూనా తెలిసినవాళ్లు గుర్తుపట్టే ఉంటారు: లక్ష్యం, వాస్తవం, దారులు, సంకల్పం. కొత్తవాళ్లకు అది చాలు. పది నమూనాలు నేర్చుకుని సెషన్ మధ్యలో "ఇప్పుడు ఏది వాడాలి?" అని ఆలోచిస్తున్నారంటే, మీరు వినడం ఆపేశారన్నట్టే.

దగ్గరగా ఒక ముక్క. క్లయింట్ కొత్తగా మేనేజర్ అయ్యారనుకోండి.

క్లయింట్: "మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నారండీ. రివ్యూలో నేను ఏదైనా చెబితే అందరి ముందూ తల అడ్డంగా ఊపుతారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఏం చేయమంటారు?"

కోచ్, తప్పు దారిలో: "విడిగా పిలిచి ఒకసారి మాట్లాడితే బాగుంటుంది కదా?"

క్లయింట్: "అవునండీ, చూద్దాం."

సెషన్ అక్కడితో అయిపోయింది. మన భాషలో "చూద్దాం" అంటే మర్యాదగా కాదనడమని వేరే చెప్పక్కర్లేదు. ఇదే సందర్భాన్ని ఇంకోలా చూడండి.

కోచ్: "ఆయన తల ఊపిన ఆ క్షణంలో మీరేం చేశారు?"

క్లయింట్: "ఏం చేయలేదు. తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయాను."

కోచ్ మాట్లాడలేదు. ఆరేడు సెకన్లు గడిచాయి.

క్లయింట్: "అసలు ఆయన అభిప్రాయం ఏంటని నేనెప్పుడూ అడగలేదు. మేనేజర్‌ని నేను. ఆయన్ని సార్ అని పిలిచేదీ నేనే."

కోచ్: "ఆ 'సార్' గురించి ఇంకాస్త చెప్పండి."

సమస్య సీనియర్ దగ్గర్నుంచి క్లయింట్ దగ్గరకు వచ్చింది. కోచ్ తెలివైన ప్రశ్నేమీ వేయలేదు. జరిగింది అడిగారు, ఆగారు, క్లయింట్ వాడిన మాటనే తిరిగి అందించారు.

తెలుగులో అడిగేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి:

"ఎందుకు?" అన్నది జాగ్రత్తగా వాడండి. "ఎందుకలా చేశారు?" అని తెలుగులో అడిగితే హెడ్‌మాస్టర్ ముందు నిలబెట్టినట్టు ఉంటుంది, క్లయింట్ సంజాయిషీ మొదలుపెడతారు. "అప్పుడు మీకు ఏది ముఖ్యమనిపించింది?" అంటే అదే విషయం వేరేలా బయటికొస్తుంది.

వాక్యం చివర "కదా", "అనిపించట్లేదా" వచ్చాయా? అది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. రికార్డింగ్ వినేటప్పుడు ముందు వీటినే లెక్కపెట్టండి.

"ట్రై చేస్తానండీ" అన్న జవాబు మీద ఆగండి. "ఏ రోజు, ఎన్నింటికి?" అని అడిగితే నిజంగా ఒప్పుకోవడమో మొహమాటమో తేలిపోతుంది.

భాష మారే చోటు గమనించండి. ఆఫీసు సంగతులు ఇంగ్లిష్‌లో గడగడా చెప్పేవాళ్లు, బాధ దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి జారతారు, లేదా తెలుగులో మొదలుపెట్టి ఇబ్బందైన చోట ఇంగ్లిష్ వెనక దాక్కుంటారు. "ఇదే మీ అమ్మగారికి చెప్పాలంటే ఎలా చెబుతారు?" అన్న ఒక్క ప్రశ్న కార్పొరేట్ పరిభాషను ఒలిచేస్తుంది. ప్రతి సెషన్‌లోనూ వాడితే మాత్రం చమత్కారంగా మిగిలిపోతుంది.

పిలుపులు మొదటి రోజే తేల్చుకోండి. ఇద్దరూ ఒకరినొకరు "గారు" అనుకోవడం చాలావరకు కుదురుతుంది. క్లయింట్ మిమ్మల్ని "సార్" అనో "మేడమ్" అనో పిలుస్తూ, మీరు వాళ్లను పేరుతో పిలుస్తుంటే మీరు గురువై కూర్చున్నట్టే. ఇక "మీరే చెప్పండి" రాక తప్పదు.

వారం వారం చేయాల్సిన సాధన:

క్లయింట్ అనుమతి రాతలో తీసుకుని ఒక సెషన్ రికార్డు చేయండి. అందులో ఏదైనా పది నిమిషాలు మాట మాటగా రాయండి. మీ ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: తెరిచిన ప్రశ్నకు "ప్ర", అవును-కాదు ప్రశ్నకు "అ", సలహాకు "స", విన్నది తిరిగి చెప్పడానికి "వి". కొత్తవాళ్లకు మొదటి నెలలో "స"లూ "అ"లూ ఎక్కువ వస్తాయి, కంగారు పడకండి. వచ్చే సెషన్‌కు వాటిలో ఒక్కదాన్నే తగ్గించే ప్రయత్నం చేయండి. రాయడం అయ్యాక ఆడియో తీసేయండి.

## 4. తొలి వంద గంటలు ఎక్కడ దొరుకుతాయి

లెక్క చిన్నదే. వారానికి మూడు సెషన్లయితే వంద గంటలకు 34 వారాలు పడుతుంది. పండగలు, సెలవులు, వాయిదాలు కలిపి పది నెలలు అనుకోండి. ఎనిమిది మందితో ఆరేసి సెషన్ల చొప్పున ఒక విడత చేస్తే 48 గంటలు. రెండు విడతలకు 96.

- మొదటి 20 గంటలు ఉచితంగా, లేదా తోటి విద్యార్థులతో ఇచ్చిపుచ్చుకుని చేయండి.
- 21వ గంట నుంచి ఎంతో కొంత ఫీజు పెట్టండి, సెషన్‌కు 500 రూపాయలైనా సరే. మొత్తం చిన్నదైనా అది ఫీజు గంటే. పైగా డబ్బు కట్టిన మనిషి వాయిదా వేసేముందు ఒకసారి ఆలోచిస్తారు.
- బంధువులు, ఇప్పటి మీ టీమ్ సభ్యులు, మీరు అప్‌రైజల్ రాసేవాళ్లు వద్దు. మేనత్త కొడుక్కి కోచింగ్ చేస్తే పెళ్లి భోజనాల దగ్గర సెషన్ కొనసాగుతుంది.
- ప్రతి గంటకూ ఒక పట్టిక: క్లయింట్ పేరు, సంప్రదింపు వివరం, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఫీజు గంటలు, ఉచిత గంటలు. ఇలా నమోదు చేస్తున్నట్టు క్లయింట్‌కు చెప్పి అనుమతి తీసుకోండి.

పట్టిక అదే రోజు నింపండి. ఏడాది తర్వాత క్యాలెండర్ తవ్వుకుంటూ కూర్చుంటే పది పదిహేను గంటలు దొరక్కుండా పోతాయి.

## 5. కంపెనీ పని: ముగ్గురి ఒప్పందం

విడిగా వచ్చే క్లయింట్‌తో ఇద్దరే ఉంటారు. కంపెనీ పంపితే బాస్, హెచ్‌ఆర్ (ఇద్దరూ కలిసి కంపెనీ పక్షం), క్లయింట్, మీరు. ఈ పనిలో చెడిపోయే ఒప్పందాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే చెడిపోతాయి. కోచింగ్ బాగా చేయకపోవడం వల్ల కాదు, ఎవరికి ఏం చెప్పాలో తేల్చుకోకపోవడం వల్ల.

ఆరు నెలల పనికి క్రమం ఇది:

1. హెచ్‌ఆర్‌తో మొదటి మాట, 30 నిమిషాలు. తప్పక అడగాల్సింది: "కోచింగ్ ఇస్తున్నట్టు ఆ వ్యక్తికి ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు?" ఇంకా చెప్పలేదంటే అక్కడే ఆగండి.
2. క్లయింట్‌తో పరిచయ సమావేశం, 30 నిమిషాలు. దీన్నే కెమిస్ట్రీ మీటింగ్ అంటారు. కాదనే హక్కు ఇద్దరికీ ఉంటుంది. ఫీజు ఉండదు.
3. బాస్, క్లయింట్, హెచ్‌ఆర్, మీరు కలిసి 60 నిమిషాలు. లక్ష్యాలు రాసుకోవడం ఇక్కడే.
4. క్లయింట్ చుట్టూ పనిచేసే 6 నుంచి 8 మందితో అరగంట చొప్పున మాటలు. అందరికీ అవే ప్రశ్నలు: ఏది కొనసాగాలి, ఏది ఆగాలి, ఏది మొదలవాలి. క్లయింట్‌కు ఇచ్చే నివేదికలో పేర్లు ఉండవు. ఒక్కరే అన్న మాట గుర్తుపట్టేలా ఉంటే దాన్ని వదిలేయండి.
5. 8 సెషన్లు, రెండు మూడు వారాలకొకటి.
6. నాలుగో సెషన్ తర్వాత మళ్లీ నలుగురూ కూర్చోవడం.
7. చివరి సమావేశం. మార్పు గురించి మాట్లాడేది క్లయింట్, మీరు కాదు.

మూడో మెట్టు దగ్గర కొంచెం నిలబడాలి. బాస్‌లు సాధారణంగా ఇలా మొదలుపెడతారు: "కమ్యూనికేషన్ కాస్త ఇంప్రూవ్ కావాలండీ, అంతే." దాన్ని లక్ష్యంగా రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఏమీ తేలదు. ఇలా అడగండి: "ఆరు నెలలయ్యాక ఒక సోమవారం రివ్యూలో కూర్చున్నారనుకోండి. మార్పొచ్చిందని మీకు ఏది చూస్తే తెలుస్తుంది?" కాసేపు ఆలోచించి బాస్ అంటారు: "ఇప్పుడు పని ఆలస్యమవుతుందన్న సంగతి నాకు డెడ్‌లైన్ రోజునే తెలుస్తోంది. వారం ముందు తెలియాలి." ఆ మాట వినగానే క్లయింట్ మొహం చూడండి. చాలాసార్లు బాస్ నోట ఆ వాక్యం వాళ్లు మొదటిసారి వింటున్నది అప్పుడే. ఇప్పుడు రాయడానికి లక్ష్యం దొరికింది: "చెడు కబురు వారం ముందే పైకి చెప్పడం." అలాంటివి రెండు చాలు. అయిదు రాసుకుంటే ఒక్కటీ కదలదు.

గోప్యత గురించి ఒప్పందంలో ఉండాల్సిన మాటలు. యథాతథంగా వాడుకోవచ్చు:

"సెషన్లలో క్లయింట్ చెప్పిన విషయాలను కోచ్ కంపెనీకి చెప్పరు. కంపెనీకి తెలిసేవి మూడే: సెషన్లు జరిగిన తేదీలు, ఉమ్మడిగా ఒప్పుకున్న లక్ష్యాలు, సమీక్ష సమావేశంలో క్లయింట్ స్వయంగా చెప్పినవి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు."

ఇది రాసుకున్నా, రెండో నెలలో హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వస్తుంది: "ఎలా ఉన్నారండీ మనవాడు? మన మధ్యే." తయారుగా ఉంచుకోవాల్సిన జవాబు: "ఆ ప్రశ్న ఆయన్నే అడిగితే బాగుంటుంది. కావాలంటే ముగ్గురం పదిహేను నిమిషాలు కూర్చుందాం." "బాగానే ఉన్నారు" అని కూడా అనకండి. ఈ నెల "బాగానే" అని, వచ్చే నెల ఏమీ అనకపోతే, ఆ మౌనమే రిపోర్టు అవుతుంది.

పని ఒప్పుకోకూడని సందర్భాలు:

☐ తీసేయాలని ముందే నిర్ణయించుకుని, "అవకాశం ఇచ్చాం" అని ఫైల్లో రాసుకోవడానికి కోచ్‌ను పెట్టడం.
☐ బాస్ చెప్పలేని మాటను మీ నోటితో చెప్పించాలనుకోవడం.
☐ క్లయింట్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు విచారణలో ఉండటం. అది 2013 చట్టం కింద అంతర్గత కమిటీ చూడాల్సిన పని.
☐ క్లయింట్‌కూ, ఆయన బాస్‌కూ ఒకేసారి మీరే కోచ్ కావడం.

నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగుతున్నా, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడినా, తాగుడు పెరిగినా కోచింగ్ ఆపి వైద్యుల దగ్గరికి పంపాలి. మీ ఊళ్లో ఇద్దరు సైకియాట్రిస్టులు, ఇద్దరు సైకాలజిస్టుల నంబర్లు ముందే దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఆత్మహత్య ప్రస్తావన వస్తే "సెషన్ తర్వాత చూద్దాం" అనే వీల్లేదు. ఆ కాల్‌లో ఉండగానే ఇంటివాళ్లకో వైద్యులకో కలపాలి.

## 6. ఫీజు ఎలా లెక్కకట్టాలి

గంటకు ఇంత అని చెప్పకండి. "8 సెషన్లే కదా, 8 గంటలే కదా" అని బేరం మొదలవుతుంది. నిజంగా పట్టే సమయం ఇది:

- సెషన్లు: 8 గంటలు
- పరిచయ సమావేశం, మూడు ఉమ్మడి సమావేశాలు: 3.5 గంటలు
- చుట్టుపక్కల ఆరుగురితో మాటలు: 3 గంటలు
- నివేదిక: 3 గంటలు
- ప్రతి సెషన్‌కూ ముందూ వెనకా నోట్స్: 4 గంటలు
- ఫోన్లు, క్యాలెండర్, ప్రయాణం: 4 గంటలు

మొత్తం 25.5 గంటలు. గచ్చిబౌలిలో సాయంత్రం ఆరింటికి సెషన్ పెట్టుకుంటే చివరి అంకెను మీరే సరిచేసుకోండి.

ఇప్పుడు వెనక నుంచి రండి. ఏడాదికి ఖర్చులన్నీ కలిపి 15 లక్షలు కావాలి, ఏడాదికి 12 ఒప్పందాలు చేయగలరు అనుకుంటే, ఒక్కోదానికి 1,25,000 రూపాయలు. మొదటి ఏడాది 12 రావు, 4 వస్తే మంచిదే. అందుకే ఒకటో భాగంలో ఏడాది ఇల్లు గడిచే డబ్బు గురించి అడిగింది. ఫీజు తగ్గించాల్సి వస్తే పనిలో ఏదైనా తగ్గించి తగ్గించండి: 8 సెషన్ల బదులు 6, లేదా చుట్టుపక్కల వాళ్లతో మాటలు లేకుండా. పని అంతే ఉంచి అంకె తగ్గిస్తే మొదటి అంకె అబద్ధమని ఒప్పుకున్నట్టు.

కాగితాలు:

☐ జీఎస్టీ: సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రేటు 18 శాతం. కొటేషన్‌లో "జీఎస్టీ అదనం" అన్న రెండు మాటలు మరిచిపోతే ఆ 18 శాతం మీ జేబులోంచి పోతుంది.
☐ టీడీఎస్: కంపెనీలు సాధారణంగా 10 శాతం పట్టుకుని ఇస్తాయి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే ఫీజు మీదే పట్టుకుంటారు.
☐ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు): ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. పైగా గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా కంపెనీ తన ఆదాయపన్నులో ఖర్చుగా చూపుకోలేదు. ఈ నియమం 2023-24 నుంచి ఉంది. అందుకే అకౌంట్స్ వాళ్లకు ఇన్‌వాయిస్‌తోపాటు ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి.
☐ వెండర్ రిజిస్ట్రేషన్: పాన్, క్యాన్సిల్డ్ చెక్కు, ఉద్యమ్, ఉంటే జీఎస్టీ సర్టిఫికెట్. పీఓ, అంటే కంపెనీ ఇచ్చే పర్చేజ్ ఆర్డర్, చేతికి రాకుండా మొదటి సెషన్ పెట్టకండి. "పీఓ ప్రాసెస్‌లో ఉందండీ" అన్న మాట మీద మూడు సెషన్లు చేసేస్తే మీ చేతిలో మిగిలేది ఆ మాటే.
☐ చెల్లింపు: సగం ముందు, సగం నాలుగో సెషన్ తర్వాత. మొత్తం చివర్లో అని ఒప్పుకుంటే, క్లయింట్ ఉద్యోగం మారినప్పుడు ఫైలు మూలన పడుతుంది.
☐ వాయిదా: 24 గంటల లోపు రద్దు చేస్తే ఆ సెషన్ జరిగినట్టే. మొదటిసారి వదిలేయండి, రెండోసారి అమలు చేయండి.

పన్ను పద్ధతి ఏది ఎంచుకోవాలో మీ ఆడిటర్‌ను అడగండి. పన్ను చట్టం పేరు పెట్టి చెప్పిన ప్రత్యేక వృత్తుల జాబితా ఒకటుంది. కోచింగ్ ఏ కోవలోకి వస్తుందో అడగకుండా అంచనా మీద రిటర్న్ వేయకండి.

## 7. క్లయింట్లు వచ్చే దారులు

వెబ్‌సైట్, లోగో, విజిటింగ్ కార్డు తర్వాత. ముందు ఒక వాక్యం కావాలి: ఎవరికి, ఏ సందర్భంలో. "నాయకుల సామర్థ్యాన్ని వెలికితీస్తాను" అంటే ఎవరికీ ఎవరూ గుర్తురారు. "అమెరికాలో బాస్, హైదరాబాద్‌లో టీమ్ ఉండి, కొత్తగా డైరెక్టర్ అయినవాళ్లతో పనిచేస్తాను" అంటే వినేవాళ్లకు అక్కడికక్కడే ఒక పేరు తడుతుంది. మీకు కావాల్సింది ఆ పేరు.

పాత పరిచయాలు. మీతో పనిచేసినవాళ్లలో 40 మంది జాబితా రాయండి. వారానికి నలుగురికి ఫోన్ చేయండి. అడగాల్సింది పని కాదు: "మీకు తెలిసినవాళ్లలో ఈ మధ్య ఇలాంటి మలుపులో ఎవరైనా ఉన్నారా?" అన్న ఒక్క ప్రశ్న. పది వారాల్లో జాబితా పూర్తవుతుంది.

కోచింగ్ సంస్థల ప్యానెళ్లు. పని ఆ సంస్థలే తెస్తాయి, ఫీజులో పెద్ద వాటా వాటిదే. మొదటి రెండేళ్లు గంటలు నిండటానికి మంచి దారి. సంతకానికి ముందు ఒకటి చూడండి: ఆ సంస్థ క్లయింట్లతో మీరు నేరుగా పనిచేయకూడదన్న షరతు ఎన్నేళ్లు, ఏ కంపెనీలకు?

గ్లోబల్ సెంటర్లు. హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న విదేశీ కంపెనీల కేంద్రాల్లో చాలావాటికి కోచ్‌ల జాబితా విదేశంలోని ప్రధాన కార్యాలయం దగ్గర ఉంటుంది. అక్కడ ఏసీసీ కంటే పీసీసీ అడుగుతారు. మొదటి ఏడాది వీటి వెంట పరిగెత్తి అలసిపోకండి.

కుటుంబ వ్యాపారాలు. ఫార్మా, విత్తనాలు, నిర్మాణం, పౌల్ట్రీ, రైస్ మిల్లులు: రెండు రాష్ట్రాల్లోనూ వ్యాపారం రెండో తరం చేతికి వస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తెలుగులో పనిచేయగల కోచ్‌కు ఇక్కడ పోటీ తక్కువ. కానీ ఇక్కడ బాస్, తండ్రి ఒకరే. ముగ్గురి ఒప్పందం డైనింగ్ టేబుల్ దాకా వెళ్లాలి: "సెషన్ గురించి ఇంట్లో భోజనాల దగ్గర అడగను" అని తండ్రిగారి చేత అనిపించండి, వీలైతే కాగితం మీదే రాయించండి. సమావేశం ఇంట్లో పెట్టకండి, ఆఫీసులో పెట్టండి. ఇంట్లో అయితే కాఫీ తెచ్చేవాళ్లు, వెళ్తూ వెళ్తూ ఓ మాట వేసే బాబాయిలు, అందరూ ఒప్పందంలో ఉంటారు.

విదేశాల్లోని తెలుగువాళ్లు. డల్లాస్‌లో వేసవి ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. మార్చి, నవంబర్లలో గడియారం మారిన వారమే సెషన్లు తప్పిపోతాయి. ఆహ్వానం వాళ్ల టైమ్‌జోన్‌లో పంపితే ఆ గొడవ ఉండదు.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

క్లయింట్ ప్రతిసారీ బాస్ మీద ఫిర్యాదులతోనే గంట నింపేస్తున్నారు. రెండు సెషన్లు చూసి, మూడోసారి గమనించింది గమనించినట్టు చెప్పండి: "మూడు గంటలుగా మనం ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఇందులో మీ చేతిలో ఉన్న భాగం ఏది?"

ఒప్పుకున్న పని ఏదీ జరగడం లేదు. పని పెద్దదై ఉంటుంది, లేదా మీరు పెట్టిందై ఉంటుంది. "ఈ వారం పదిహేను నిమిషాల్లో అయ్యేది ఏది?" అని అడగండి.

క్లయింట్ మిమ్మల్ని పొగుడుతున్నారు, మార్పు కనిపించడం లేదు. ఇది ప్రమాదకరం, ఎందుకంటే హాయిగా ఉంటుంది. రెండు లక్ష్యాల కాగితం తీసి, ఒక్కోదానికి పదికి ఎంత వేస్తారో, ఆ అంకె ఎవరు ఒప్పుకుంటారో అడగండి.

నిజంగా మీకు తెలిసిన సమాచారం క్లయింట్‌కు కావాలి. దాచుకోనక్కర్లేదు. అనుమతి అడిగి, రెండు వాక్యాల్లో చెప్పి, "ఇందులో మీకు పనికొచ్చేది ఏమైనా ఉందా?" అని తిరిగి ఇచ్చేయండి. మూడో వాక్యం దగ్గర్నుంచి అది మెంటరింగ్.

నోట్స్ ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. పేరుకు బదులు సంకేతం, పాస్‌వర్డ్ ఉన్న ఒకే ఫోల్డర్, ఒప్పందం ముగిశాక ఎన్నాళ్లకు తీసేస్తారో ముందే రాతలో. వాట్సాప్‌లో సెషన్ సంగతులు రాయకండి. సమయం మార్చుకోవడానికి తప్ప దాన్ని వాడొద్దని క్లయింట్‌కూ చెప్పండి.

మీకే దారి తోచడం లేదు. నెలకు ఒకసారి సూపర్‌విజన్ తీసుకోండి, అంటే మీ కోచింగ్‌ను మరో అనుభవజ్ఞుడైన కోచ్ ముందు పెట్టి చూసుకోవడం. దాని ఖర్చు ఫీజు లెక్కలో ముందే కలపండి. ఐసీఎఫ్ క్రెడెన్షియల్ మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి 40 యూనిట్ల చదువు కావాలి. చివరి నెలలో వెబినార్ల వెంట పడకుండా ఏడాదికి 14 చొప్పున వేసుకోండి.

ఎనిమిది సెషన్లయ్యాక "ఇంకో ఆరు పొడిగిద్దాం" అంటున్నారు. వెంటనే సరే అనకండి. కొత్త లక్ష్యం ఉంటే కొత్త ఒప్పందం, మళ్లీ నలుగురి సమావేశం. లక్ష్యమేమీ లేక, మాట్లాడుకోవడం బాగుందని మాత్రమే అయితే, మూడు నెలలు ఆగి ఒక గంట కలుద్దామని చెప్పి, ఆ తేదీ క్యాలెండర్‌లో పెట్టి పంపండి.